లేని పంపు చుట్టూ

ఆ శుభవార్త వచ్చిన సమయానికి మామగారు వంటింట్లో స్టూలెక్కి, పై అరలో ఉన్న చక్కెర డబ్బా మీద ‘చక్కెర’ అని రాస్తున్నారు. డబ్బాని కిందికి దించుకుని హాయిగా కూర్చుని రాయొచ్చు. ఆయన ఒప్పుకోరు. బోర్డు ఎక్కడుంటుందో అక్కడే రాయాలట. కింద రాసి పైకెత్తితే అక్షరాలకు కళ్ళు తిరుగుతాయట.

ఊళ్ళో ఒకప్పుడు దుకాణాల బోర్డులన్నీ రాసిన చెయ్యి అది. అందుకే ఊరంతా ఆయన్ని రంగుల మాస్టారంటుంది. కంప్యూటర్లో అచ్చయ్యే ఫ్లెక్సీ బోర్డులు వచ్చి కుంచెకు పని లేకుండా పోయాక, ఆ చెయ్యి ఊరుకోలేక ఇంటి మీద పడింది. టీ పొడి డబ్బా, ఉప్పు డబ్బా, సబ్బు పెట్టె, చివరికి చీపురు తగిలించే మేకు పక్కన గోడ, అన్నిటి మీదా ఎర్రటి అక్షరాలు, వాటి కింద నల్లటి నీడ.

“చక్కెర అని రాయకపోతే నేనేమైనా దాన్ని సున్నమనుకుంటానా?” ముందు గదిలోంచి, కుట్టుమిషను ఆపకుండానే అత్తగారు అడిగారు.

“నీకోసం కాదులే. కోడలుపిల్ల కొత్త కదా, వెతుక్కోకూడదని.”

“ఈ మధ్య మీకు సరదా పుట్టినప్పుడల్లా నా కోడలి పేరు చెప్పడం అలవాటైపోయింది.”

కోడలుపిల్ల వంటింటి తలుపు దగ్గర నిలబడి నవ్వు దాచుకుంది. పెళ్ళై ఈ ఇంటికొచ్చి ఎన్నాళ్ళో కాలేదు. ఎవరైనా ‘కోడలుపిల్ల’ అంటే ఎవరా అని ఇంకా వెనక్కి తిరిగి చూస్తోంది. ఆ పిలుపు బావుంది. ఆ డబ్బాలు బావున్నాయి. పొద్దున్నే కిటికీలోంచి వచ్చి సరిగ్గా తన దిండు మీదే కూర్చునే ఎండ బావుంది. కొంచెం వంకరగా మూసుకునే బీరువా తలుపు కూడా బావుంది. అసలు బాగోనిదంటూ ఏదీ కనబడకపోవడం చూసి, “నీ కళ్ళు ఒకసారి పరీక్ష చేయాలి” అని భర్త అంటున్నాడు. అతనికి కళ్ళజోళ్ళ దుకాణంలో పని మరి. పెళ్ళి ముగిసిపోయినా వీధిలో అందరూ అతన్ని పెళ్ళికొడుకనే పిలుస్తున్నారు, అతనూ సిగ్గులేకుండా పలుకుతున్నాడు.

అప్పుడు ఫోను మోగింది. మామగారి చేతులనిండా రంగు. కోడలే ఫోను తీసి, మునివేళ్ళ మీద లేచి, స్టూలు మీదున్న ఆయన చెవికి ఆనించి పట్టుకుంది. అవతలి గొంతు ఆమెకూ స్పష్టంగా వినబడుతోంది. ఊరి లైబ్రరీ నడిపే మేడమ్.

“మాస్టారూ, ఊరు చూపించే పనికి మిమ్మల్నే అనుకుంటున్నాం. ఆదివారం పొద్దున పొరుగూళ్ళ నుంచి కొంతమంది వస్తున్నారు. శనివారం సాయంత్రం ముందుగా నేనొచ్చి మీతో నడిచి చూస్తాను. బాగుంటే ఇకనుంచి ప్రతి నెలా మీరే. లేదంటే రికార్డు చేసిన గొంతు ఒకటి ఉంది, అందరి చెవులకూ తగిలించి పంపించేస్తాం. నాకైతే మీరే కావాలి.”

ఫోను పెట్టేశాక కూడా మామగారు స్టూలు దిగలేదు. కుంచె గాల్లోనే ఉంది. “విన్నావా?” అని ముందుగా చక్కెర డబ్బానే అడిగారు. తరవాత వంటింటి గుమ్మం వైపు తిరిగి గట్టిగా అన్నారు: “వింటున్నావా? ఊరు చూపించడానికి నన్ను పిలిచారు!”

మిషను ఆగింది. ఈ ఇంట్లో అది పగటిపూట ఆగడం పెద్ద విషయమని కోడలికి అప్పటికే తెలుసు.

“ముందు స్టూలు దిగండి,” అన్నారు అత్తగారు గుమ్మంలోకి వచ్చి. “ఊరు చూపించేవాడు కాలు విరిగి ఇంట్లో పడుకుంటే ఎట్లా?” మాట ఎకసెక్కంగానే ఉంది గానీ, ముఖం మాత్రం చాటంత అయింది.

సాయంత్రం కొడుకు వచ్చి విషయం విని, “అయితే నాన్నా, నీకు పోటీ ఒక పెట్టె అన్నమాట. జాగ్రత్త, అది మధ్యలో టీ అడగదు,” అన్నాడు.

“పెట్టెకేం తెలుసురా ఈ ఊరు? ప్రతి కొట్టు గుండెల మీదా నిచ్చెనేసి నిలబడ్డవాణ్ణి నేను.” మామగారు గదిలో అటూ ఇటూ నడిచారు. “ఒకసారి నడిచి చూసుకోవాలి. ఎదురుగా కొత్తవాళ్ళెవరైనా ఉండాలి. మీరు పనికిరారు, మీకన్నీ తెలుసు.”

ముగ్గురూ ఒకేసారి కొత్తకోడలి వైపు చూశారు. ఆమె అలవాటుగా వెనక్కి తిరిగి చూసింది. అక్కడ బీరువా తప్ప ఎవరూ లేరు.

మర్నాడు శుక్రవారం. దుకాణం నుంచి పెళ్ళికొడుకు తొందరగా వచ్చేశాడు. మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, బోర్డులు రాసేటప్పుడు చెయ్యి వణక్కుండా ఆనించుకునే సన్నటి కర్ర పట్టుకుని ముందు నడిచారు. వెనక కొత్త జంట. ఇంట్లో పెద్దల ముందు ‘మీరు’, ఇద్దరే ఉన్నప్పుడు ‘నువ్వు’ అని ఆమె పెట్టుకున్న పద్ధతికి ఈ నడక పెద్ద పరీక్షైంది. మామగారు ముందున్నారు కాబట్టి ‘నువ్వు’, వెనక్కి తిరిగితే ‘మీరు’.

“ఇదిగో, సోడా కంపెనీ,” అని మామగారు కర్రతో చూపించారు. “ఊళ్ళో మొట్టమొదట నేను రాసిన బోర్డు. నీలం మీద తెలుపు. బుడగలు కూడా వేశాను. ఎట్లా ఉంది?”

ఆమె చూసింది. కర్ర చూపించిన చోట ఫోన్లు బాగుచేసే కొట్టుంది. లోపల ఒకతను పగిలిన ఫోనుని భూతద్దంలో చూస్తున్నాడు. బుడగలు లేవు, నీలం లేదు.

“చాలా బావుంది మామయ్యా,” అంది.

“ఇది రేడియో కొట్టు. ఆ పెద్ద గుమ్మం చూడు, దాని మీద నేను వేసిన రేడియోలోంచి పాట వస్తున్నట్టే ఉండేది, జనం ఆగి వినబోయేవాళ్ళు.” అది బ్యాంకు. “అదుగో సినిమా హాలు. మనిషంత అక్షరాలు. ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క రోజు. వాటికి నీడ ఎటు పడిందో గమనించావా?” అది నాలుగంతస్తుల అద్దాల బట్టల షోరూము. అద్దంలో కోడలికి తన బిక్కమొహమే కనబడింది.

“గమనించాను మామయ్యా,” అంది. అబద్ధాలు ఒకదాని మీద ఒకటి పేరుకుపోతున్నాయి.

“అసలు ఆ కొత్త బోర్డులు ఆయనకు కనబడవా?” అని భర్త చెవిలో అడిగింది.

“తను రాయని బోర్డు ఆయన లెక్కలో బోర్డు కాదు. నేనూ ఎన్నో అద్దాలు మార్చి చూశాను.”

ఇంతలో మందుల షాపు మలుపు వచ్చింది. కోడలు నడక కొంచెం నెమ్మది చేసింది. ఎందుకంటే అది ఆమె మలుపు. ఈ ఊరొచ్చిన మొదటి సాయంత్రం, సరిగ్గా అక్కడికి రాగానే భర్త ఆమె చెయ్యి పట్టుకుని మెత్తగా తన వైపు లాక్కున్నాడు. ఆమె భుజం అతని భుజానికి తగిలింది. ఆ తరవాత ఎప్పుడు అటు వెళ్ళినా అంతే. మాటల మధ్యలో ఉన్నా, వేరే దిక్కు చూస్తున్నా, ఆ మలుపు దగ్గర అతనికి ప్రేమ ముంచుకొస్తుంది. ఆమె ఈ సంగతి ఫోనులో చెల్లెలికి గుసగుసగా చెప్పింది. చెల్లెలు కుళ్ళుకుంది. అదీ బావుంది.

ఈసారి కన్నతండ్రి ముందే నడుస్తున్నా అతను లాక్కున్నాడు. ‘ఎంత ధైర్యం!’ అనుకుని ఆమె సిగ్గుతో తల తిప్పుకుంది. తిప్పుకున్న చోట మామగారు కనబడ్డారు. ఒంటరిగా నడుస్తున్న ఆయన కూడా అక్కడ చిన్న వంపు తిరిగి, మళ్ళీ తిన్నగా వెళ్ళారు. ఆయన వెనక సంచీ మోసుకొస్తున్న ఒకావిడ అదే వంపు తిరిగింది. సైకిలు నడిపించుకొస్తున్న పెద్దమనిషి సైకిలుతో సహా తిరిగాడు.

ఆమె ఆగిపోయింది. ఫుట్‌పాత్ నున్నగా, ఖాళీగా ఉంది. రాయి లేదు, గుంట లేదు.

“ఇక్కడేముంది?”

“ఎక్కడ?” అన్నాడు భర్త.

“ఇక్కడే. మనమెందుకు చుట్టూ తిరిగొచ్చాం?”

“తిరిగామా?”

“నువ్వు నన్ను లాగావు కదా!”

“నిన్నా? నేనెందుకు లాగుతాను?”

కొత్తగా పెళ్ళైన మగవాడు ఎప్పుడూ, ఎక్కడా అనకూడని మాట అది. ఆమె చెయ్యి వదిలించుకుని, “వెనక్కెళ్ళి ఒక్కడివే నడిచి రా,” అంది. అతను అయోమయంగా వెనక్కెళ్ళి నడిచొచ్చాడు. సరిగ్గా అక్కడ వంపు తిరిగాడు. పైగా కుడిచెయ్యి కొంచెం పక్కకి చాచి, గాలిని కూడా మెల్లగా లాక్కొచ్చాడు.

“ఎవరినండీ లాక్కొస్తున్నారు?” ‘నువ్వు’ కాస్తా ‘మీరు’ అయిపోయింది.

అతను కిందికి చూశాడు, చేతిని చూసుకున్నాడు, నాలుక కరుచుకున్నాడు. “ఓహో... పంపు! నా చిన్నప్పుడు ఇక్కడ చేతిపంపు ఉండేది. చుట్టూ ఎప్పుడూ తడి, పాచి. పడని మనిషి లేడు. అందుకే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఇటు లాగేది. తీసేసి చాలా ఏళ్ళైపోయిందే!”

“అంటే ఇన్నాళ్ళూ నన్ను పంపు చుట్టూ తిప్పావన్నమాట.”

“నువ్వు జారిపడకూడదనే కదా!”

“లేని పంపు దగ్గర!” ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది. “ఇప్పుడు మా చెల్లికి నేనేం చెప్పను?”

అతనికి ఏమీ అర్థం కాలేదు. అర్థం కానందుకు నవ్వాడు. ముందు నుంచి మామగారు, “మాటల్లో పడి పోస్టాఫీసు వదిలేస్తారు మీరు!” అని కేకేశారు. అక్కడ పోస్టాఫీసు లేదని వేరే చెప్పక్కర్లేదు.

శనివారం పొద్దున అత్తగారు కోడలిని మిషను పక్కన కూర్చోబెట్టుకుని బొత్తాలు కుట్టమన్నారు. ఆవిడ అడగాలనుకున్నవన్నీ బొత్తాల దగ్గరే అడుగుతారు, ఎందుకంటే సూది చేతిలో ఉన్నవాళ్ళు లేచి పారిపోలేరు.

“నిన్న ఏమేం చూశావు?”

“అన్నీ బావున్నాయత్తయ్యా.”

“బావుందనడానికి ఈ ఇంట్లో వేరేవాళ్ళున్నారు. నువ్వు ఊరికి కొత్త కాబట్టి పట్టుకెళ్ళారు. నీ కళ్ళకు ఏం కనబడిందో అడుగుతున్నాను.”

కోడలు సూది గుచ్చుకోకుండానే ‘అబ్బా’ అన్నంత పని చేసింది. “ఒక్కటీ కనబడలేదత్తయ్యా. ఆయన చూపించినవేవీ అక్కడ లేవు. సాయంత్రం మేడమ్‌కీ ఇవే చూపిస్తే ఏమంటారో.”

“ఆవిడ ఈ ఊరిదే, మొహమాటపడుతుంది. రేపొచ్చేవాళ్ళు మొహమాటపడరు, మొహం మొహం చూసుకుంటారు. ఆయన ఆ చూపులు తట్టుకోలేరు.” అత్తగారు దారం పళ్ళతో కొరికారు. “చెప్పు ఆయనకి.”

“నేనా? ఇంకా నా పెట్టెలో బట్టలే పూర్తిగా సర్దుకోలేదు. ఆ పెట్టెతోనే వెనక్కి పంపించేస్తారు!”

“నేను చెప్తే పోట్లాట అవుతుంది. వాడు చెప్తే వేళాకోళమవుతుంది. నువ్వు చెప్తేనే మాట అవుతుంది.”

మామగారు వరండాలో కూర్చుని, వాడని కుంచెలను కూడా కడుగుతున్నారు. కోడలు వెళ్ళి ఎదురుగా మెట్టు మీద కూర్చుంది. గొంతు సవరించుకుంది. మళ్ళీ సవరించుకుంది.

“మామయ్యా, నిన్న నేను మీకు అబద్ధాలు చెప్పాను. మీరు చూపించినవేవీ నాకు కనబడలేదు.”

కుంచె కడిగే చెయ్యి ఆగింది. “సోడా కంపెనీ?”

“ఫోన్లు బాగుచేసే కొట్టు మామయ్యా.”

“రేడియో కొట్టు?”

“బ్యాంకు.”

“సినిమా హాలు అక్షరాలు...” అని ఆయన అడగబోయి, ఆమె ముఖం చూసి ఆపేశారు. కాసేపు నీళ్ళలో కరిగే రంగును చూస్తూ ఉండిపోయారు. “అంటే నేను రాసింది ఒక్కటీ మిగల్లేదన్నమాట.”

“చక్కెర డబ్బా ఉందిగా,” అన్నారు అత్తగారు గుమ్మంలోంచి. నవ్వించడానికే అన్నారు. ఎవరూ నవ్వలేదు. ఆవిడా నవ్వలేదు.

“నాకు తెలియకేం,” అన్నారు మామగారు మెల్లగా. “ఒక్కొక్క బోర్డు దించుతుంటే నిలబడి చూశాను కదా. కానీ ఆ వీధిలోకి వెళ్ళేసరికి అన్నీ మళ్ళీ ఎక్కి కూర్చుంటాయి.” కుంచెలన్నీ డబ్బాలో పెట్టేశారు. “మేడమ్‌కి ఫోను చెయ్యమ్మా. ఆ పెట్టెనే మాట్లాడించుకోమని చెప్పు. లేనివి చూపించే మనిషి ఎవరికి కావాలి?”

‘నిజం చెప్పి ఇంత మంచి మనిషిని కూల్చేశాను’ అనుకుంది కోడలు. లేచి ఫోను దాకా వెళ్ళింది కూడా. దాన్ని పట్టుకోగానే నిన్న భర్త గాలిని లాక్కొచ్చిన చెయ్యి గుర్తొచ్చింది.

“చేస్తాను మామయ్యా,” అంది వెనక్కొచ్చి. “కానీ ముందు మీరు నాతో రావాలి. నిన్న మీరు చూపించారు కదా, ఇవాళ నేను చూపిస్తాను.”

“ఈ ఊరు నువ్వు నాకు చూపిస్తావా?”

“రండి. లేకపోతే నిజంగానే పెట్టె సర్దుకుంటాను.”

మందుల షాపుకి ఎదురుగా టీకొట్టు, దాని ముందు ఒక బెంచీ. మామగారిని మధ్యలో కూర్చోబెట్టి, అటు కోడలు, ఇటు అత్తగారు కూర్చున్నారు. మిషను మీద సగం కుట్టిన చొక్కా వదిలేసి అత్తగారు రావడం చూసి టీకొట్టతను ముక్కున వేలేసుకున్నాడు.

“ఏం చూడాలి?” అన్నారు మామగారు విసుగ్గా.

“షాపు ముందు ఫుట్‌పాత్. ఊరికే చూస్తూ ఉండండి.”

మందుల షాపాయన టీ కోసం బయటికొచ్చాడు. తిన్నగా వస్తే సరిపోయేది, చిన్న వంపు తిరిగి వచ్చాడు. ఇద్దరు ముసలాళ్ళు వాదించుకుంటూ వచ్చారు. వాదన ఆపకుండానే విడిపోయి, చెరోవైపు వెళ్ళి, మళ్ళీ కలిసి వాదించుకున్నారు. ఒకావిడ చిన్నపిల్లను నడిపించుకొస్తోంది. అక్కడికి రాగానే పిల్ల చెయ్యి పట్టుకుని ఇటు లాగింది. పిల్ల అడగలేదు, గొణగలేదు, రోజూ చేసే పనే అన్నట్టు వంపు తిరిగింది.

మామగారు ముందుకి వంగారు. “వీళ్ళంతా ఏం చేస్తున్నారు?”

“పంపు చుట్టూ తిరుగుతున్నారు మామయ్యా.”

“ఏ పం...” ఆయన నోరు తెరుచుకునే ఉండిపోయింది. “ఆ చంటిదానికి పంపేం తెలుసు? అది పుట్టేసరికే పంపు లేదే!”

“వాళ్ళమ్మ లాగింది. వాళ్ళమ్మని వాళ్ళమ్మమ్మ లాగి ఉంటుంది. నన్ను మీ అబ్బాయి లాగుతున్నారు. నేనేమో...” కోడలు ఆగిపోయింది.

“నువ్వేమో?” అన్నారు అత్తగారు.

“ఏం లేదత్తయ్యా.” ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

మామగారికి నవ్వు మొదలైంది. టీ చొక్కా మీద ఒలికినా ఆగలేదు. ఎవరు ఆ మలుపు తిరిగినా, “అదుగో!” అని బెంచీ మీద చరుస్తున్నారు. టీకొట్టతను ఏమైందో చూద్దామని అటు వెళ్ళాడు. అతనూ వంపు తిరిగి వెళ్ళాడు. దాంతో ఆయనకు కళ్ళనీళ్ళు వచ్చాయి.

“పదండి పదండి,” అని తనే లేచారు. “సినిమా హాలు గేటుకి అడ్డంగా ఇనపకమ్మీ ఉండేది. ఎత్తుగా ఉన్నవాళ్ళ నుదుళ్ళన్నీ దానికి బలి. చూద్దాం, చూద్దాం.”

అద్దాల షోరూము గుమ్మం ఏనుగు పట్టేంత ఉంది. అయినా ఊళ్ళోని పొడుగాటి మగవాళ్ళు గుమ్మంలోకి రాగానే తలొంచి లోపలికి పోతున్నారు. తలుపు తీసే అతను అది తనకు పెట్టే నమస్కారం అనుకుంటున్నాడో ఏమో, అతనూ తల వంచుతున్నాడు. బ్యాంకు దగ్గర జనం వరుస తిన్నగా లేదు. ఒకప్పుడు రేడియో వినడానికి జనం ఎలా ముసురుకునేవాళ్ళో, అలాగే అర్ధచంద్రంలా వంగి ఉంది. చూపించడం మామగారి వంతు, నవ్వడం కోడలి వంతు. “మీ ఊరివాళ్ళు పిచ్చోళ్ళు మామయ్యా,” అంది. “మన ఊరివాళ్ళు,” అని ఆయన సరిచేశారు.

తిరిగొచ్చేటప్పుడు బస్టాండు పక్కన పొడుగాటి గోడ ఒకటి వచ్చింది. ఉత్త తెల్లగోడ. దాని పక్కనే ఫుట్‌పాత్. వచ్చేవాళ్ళు సగం దూరం నడిచి, ఒక చోట ఫుట్‌పాత్ దిగి, రోడ్డు అంచున నాలుగడుగులు వేసి మళ్ళీ ఎక్కుతున్నారు.

“ఇక్కడేముండేది మామయ్యా? కాలవా?”

ఆయన ఆలోచించారు. “ఇక్కడేమీ లేదే. పంపు లేదు, గుంట లేదు. సినిమావాళ్ళకీ సర్కసువాళ్ళకీ నేను ప్రకటనలు రాసే గోడ. అంతే.” మళ్ళీ ఆలోచించారు. “ఎందుకు దిగుతున్నారబ్బా?”

అత్తగారు నుదురు కొట్టుకున్నారు. “ఇంత తెలివితేటలు పెట్టుకుని రేపు ఊరు చూపిస్తారట! ఇక్కడ మీరున్నారండీ. మీ నిచ్చెన ఉంది. తెల్లారితే ఇక్కడే కదా మీ కాపురం. నెత్తిన మీ రంగు పడకుండా ఊరంతా దిగి నడిచేది.”

మామగారు గోడని కింది నుంచి పైదాకా చూశారు.

“దిగకుండా నడిచినదాన్ని నేనొక్కదాన్నే,” అని అత్తగారు కోడలితో అన్నారు. “కొత్త బట్టలు వేసుకుని వస్తుంటే ఈ మహానుభావుడు భుజం మీద పచ్చరంగు పోశాడు. తిడదామని తల పైకెత్తాను. అప్పుడు మొదలుపెట్టిన తిట్లు, ఇదిగో, ఇవాళ్టిదాకా తెమల్లేదు.”

ఫోనులో తల దూర్చిన కుర్రాడొకడు అటు వచ్చాడు. తల ఎత్తకుండానే ఫుట్‌పాత్ దిగాడు, నిచ్చెన దాటాడు, ఎక్కి వెళ్ళిపోయాడు. మామగారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. కొడుకు నిన్ననే తుడిచిచ్చిన అద్దాలవి.

“ఫోను చెయ్యమంటారా మామయ్యా, మేడమ్‌కి?” అని అడిగింది కోడలు, పెదాలు బిగబట్టుకుని.

“చెయ్యి,” అన్నారాయన. “తొందరగా రమ్మని చెయ్యి.”

సాయంత్రం లైబ్రరీ మేడమ్ హడావుడిగా వచ్చింది. మందుల షాపు వైపు నుంచి రోడ్డు దాటి, టీకొట్టు బెంచీ మీదున్న మామగారి దగ్గరికొచ్చి, “చూపించండి మాస్టారూ, ఎక్కడ మొదలుపెడదాం?” అంది.

“మొదలైపోయింది మేడమ్. మీరు తిన్నగా రాకుండా అలా చుట్టూ తిరిగి ఎందుకొచ్చారు?”

“నేనా? తిన్నగానే వచ్చానే!”

దుకాణం మూసి అప్పుడే వచ్చిన పెళ్ళికొడుకు, అత్తగారు, కోడలు, టీకొట్టతను అందరూ ఒక్కసారిగా నవ్వేసరికి ఆవిడ తెల్లబోయింది. బెంచీ మీద కూర్చోబెట్టి చూపించారు. కాసేపటికి ఆవిడ లేచి వెళ్ళి, ఆ ఖాళీ చోట కాలితో నేలను తడిమి చూసింది. “ఇక్కడేనండీ నేను జారిపడి ముందు పన్ను విరగ్గొట్టుకున్నది,” అని పెట్టుడు పన్ను మీద వేలేసి మరీ చూపించింది. నిచ్చెన గోడ దాకా నడిచేసరికి ఆవిడకు మాటలు ఆగలేదు. “మాస్టారూ, ఆ గొంతుని పెట్టెలోనే ఉండనిస్తాను. మీరు వచ్చేయండి.”

ఇంటికి తిరిగొస్తూ పెద్దవాళ్ళిద్దరూ ముందు నడిచారు. పంపు దగ్గరికొచ్చేసరికి పెళ్ళికొడుకు చిక్కులో పడ్డాడు. తిన్నగా వెళ్దామంటే కాళ్ళు రావడం లేదు, చుట్టూ తిరుగుదామంటే వేషం వేసినట్టుంది. అడుగు వేసి, వెనక్కి తీసి, చివరికి గెంతాడు. ఆ చప్పుడుకి ముందున్న మామగారు ఒకసారి తిరిగి చూశారు.

“పాపం,” అంది ఆమె. “తెలిసిపోయాక ఇక కుదరదు. ఈ ఊళ్ళో నాకున్న ఒకే ఒక్క మలుపు పోయింది.”

“మలుపేంటి?”

“ఏం లేదు. మా చెల్లికి తెలుసు.”

అతను ఆమెతో అడుగు కలిపి నడిచాడు. పాల డిపో పక్కన, నున్నటి ఫుట్‌పాత్ మీద, ఉన్నట్టుండి ఆమె చెయ్యి పట్టుకుని తన వైపు లాక్కున్నాడు. భుజానికి భుజం తగిలింది. ఆమె అతని ముఖంలోకి చూసింది. అతను చాలా సీరియస్‌గా ముందుకే చూస్తూ నడుస్తున్నాడు.

భోజనాల దగ్గర ఆమెకు మనసు ఆగలేదు. “మామయ్యా, పాల డిపో పక్కన ఇదివరకు ఏముండేది? పంపు గానీ, గుంట గానీ, పాచి గానీ?”

మామగారు ముద్ద ఆపి, కళ్ళు మూసుకుని, ఊరంతా ఒకసారి లోపల తిరిగొచ్చారు. “అక్కడా? ఏమీ లేదమ్మా. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఖాళీయే. ఎందుకూ?”

“ఊరికే. ఖాయమేనా మామయ్యా?”

“రాసిస్తాను. ఎర్రక్షరాలతో.”

పెళ్ళికొడుక్కి పొలమారింది. అత్తగారు నీళ్ళ గ్లాసు జరిపి, కొడుకుని చూశారు, కోడలి చెవుల రంగు చూశారు, ఇంకేమీ అడగలేదు. బొత్తాలు అక్కర్లేకుండానే ఆవిడకు అర్థమైపోయింది.

మామగారు చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ, బోర్డు రాసినంత స్పష్టంగా ప్రకటించారు: “రేపు పొద్దున నేను అందరినీ బెంచీ మీద కూర్చోబెడతాను. మీరిద్దరూ మందుల షాపు వైపు నుంచి చెయ్యి చెయ్యి పట్టుకుని రావాలి. వాడు గెంతితే చెవి మెలిపెడతాను. తరవాత హాలు గుమ్మం, బ్యాంకు, నా గోడ. గోడ దగ్గర మీ అత్తయ్య తల పైకెత్తి తిడుతుంది.”

“అంతటితో అయిపోతుందా?” అన్నారు అత్తగారు. “పాల డిపో కూడా కలపండి.”

“అక్కడేమీ లేదని ఇప్పుడే కదా చెప్పాను!”

“మీకు తెలియదు లెండి, అది ఇవాళే కట్టారు,” అన్నారావిడ కంచాలు తీస్తూ. “రేపు నడక అక్కడే ముగుస్తుంది. అక్కడేముందో కోడలు చెప్తుంది.”